మనిషి గీత లేని ఇల్లు

పడగకొండ పేరుకు తగిన కొండ. కాకేటి ఒడ్డున నిలబడి తలెత్తి చూస్తే, పడగ విప్పిన నల్లత్రాచు మన మీదికే వంగినట్టుంటుంది. రాగిరంగు రాతిపొరలు ఒకదాని మీద ఒకటి తూర్పుకు వాలి ఉంటాయి. పొరల సందుల్లోంచి బోదగడ్డి జటలు జటలుగా వేలాడుతుంది. పైనుంచి దూకే జలధార తుంపర మీద ఎండ పడితే కొండకు కొండే మిలమిలలాడుతుంది. చూసేవాళ్లకు ఒక కంటికి అందం, ఒక కంటికి వణుకు. ఆ వాలు మీద కాలు పెట్టడానికి మేకలు కూడా వెనకాడతాయి.

అటువంటి వాలు మీద కాటయ తాడుకు వేలాడుతున్నాడు. చేతిలో ముంత, ముంతలో నీళ్లు.

కింద ఏటిరాళ్ల మధ్య అతని తల్లి బయ్యమ్మ కొంగు నోట్లో కుక్కుకుని నిలబడింది. ఆమె చూపు కొడుకు మీద లేదు, తాడు మీద ఉంది. తాడు ఒక రాతి అంచుకు ఒరుసుకుంటోంది. పోగులు తెగినట్టు, కొడుకు జారినట్టు, ఏటిలో పడ్డట్టు, నలుగురూ మోసుకొచ్చినట్టు, ఆమె మనసులో అప్పుడే అంతా జరిగిపోయింది. కీడెంచి మేలెంచమన్నారు పెద్దలు. బయ్యమ్మ కీడు దాకా ఎంచేది, మేలు దాకా వచ్చేసరికి ఓపిక అయిపోయేది.

"అమ్మా, నీళ్లు ఇక్కడ పక్కకు తిరిగినయ్. ఇల్లు ఇక్కడే" అన్నాడు కాటయ పైనుంచి.

ఈ తల్లీకొడుకులకు ఆ కొండ మీద ఇల్లేమిటంటే, దానికి వెనక పెద్ద కథే ఉంది.

మణిశైల రాజ్యాన్ని ఏలే ప్రోలభూపతిని మాంత్రికుడు ధూమ్రకంఠుడు నిండు కొలువులో శిలను చేశాడు. నవ్వుతున్న రాజు నవ్వుతూనే రాయైపోయాడు. రాజ్యం మాంత్రికుడి చేతికొచ్చింది గానీ, అది నిలవాలంటే మరొకటి కావాలి. రాణి కుందమదేవి కడుపులోని బిడ్డ పుట్టగానే ఏడ్చే తొలి ఏడుపు. దాన్ని తీసుకుపోయి తన కాకిమేడలోని గద్దె మీద పెట్టాడంటే రాజు ఎప్పటికీ రాయే, మాంత్రికుడు ఎప్పటికీ రాజే. అలా కాక ఆ గొంతు బిడ్డకే దక్కి, బిడ్డ ఒక్కసారి తండ్రి ఒడిలో ఏడ్చిందంటే చాలు, రాయి కరిగి మనిషవుతుంది. అందుకని ధూమ్రకంఠుడు ఏడుపు పట్టే నల్లశంఖం ఒకటి చంకన పెట్టుకుని చూలాలైన రాణి కోసం దేశమంతా గాలిస్తున్నాడు.

రాణి గంపలమ్మే మనిషి వేషం వేసుకుని కోట దాటింది. అడవిలో సొమ్మసిల్లి పడి ఉంటే కాటయ భుజాన వేసుకొచ్చి తల్లి ముందు దించాడు. మంచిపనే చేశావురా అని బయ్యమ్మ అన్నది గానీ, అంటూనే తలుపు గడియ పెట్టి, గడియకు రోకలి అడ్డం పెట్టి, రోకలికి తన వీపు ఆనించి కూర్చుంది.

గడియలకు లొంగే శత్రువు కాదు అది. ధూమ్రకంఠుడి దగ్గర ఒక డేగ ఉంది. దానికి రెప్పలు లేవు, నిద్ర లేదు. చెట్టూ పుట్టా గుట్టా దాని కంటికి ఒకటే. మనిషి చెయ్యి గీసిన గీత మాత్రం ఆమడ దూరం నుంచి పట్టేస్తుంది. నిలువు గోడ, గుండ్రటి కప్పు, నడిచి నడిచి అరిగిన బాట, నిటారుగా లేచే పొగ, ఏది కనబడినా అక్కడ గిరికీ కొడుతుంది. వెంటనే మాంత్రికుడు ఆ చోట వాలతాడు. అడవిలో ఉన్న గుడిసెలన్నీ అలా ఒక్కొక్కటే బూడిదయ్యాయి. బయ్యమ్మ గుడిసె కూడా. రోకలితో సహా.

అప్పుడు కాటయ అన్నాడు, మనిషి గీత లేని ఇల్లు కడతానని.

అతను గుట్టకట్టు వంశం వాడు. కొండల్లో ఇళ్లు తొలిచే వాళ్లు వాళ్లు. వాళ్లలో ఏ ఇల్లు మొదలెట్టినా ముందు కొండను అడగాలి. అడగడమంటే మంత్రం కాదు, వాలు మీద ముంతెడు నీళ్లు పోసి ఎటు పారతాయో చూడటం. నీళ్లు ఎక్కడ తమంతట తాము పక్కకు తిరుగుతాయో అక్కడ కొండ 'సరే' అన్నట్టు.

కొండ సరే అన్నది. పని మొదలైంది.

పొద్దు పొడిచే ముందు, పొద్దు వాలిన తరువాత, డేగ దూరంగా ఉన్న వేళలు చూసుకుని తల్లీకొడుకులు పని చేశారు. గోడ నిలువుగా లేవడానికి కట్టే గుండుదారం కాటయ సంచిలోంచి తీయనేలేదు. కొండపొరలు ఎంత వాలి ఉన్నాయో తన గోడరాళ్లనూ అంతే వాల్చాడు. ప్రతి రాయినీ దాని పాచి పట్టిన మొహం బయటికి ఉండేట్టు తిప్పి పేర్చాడు. సందుల్లో గడ్డివిత్తులు కలిపిన బురద కూరాడు. నాలుగు చినుకులు పడేసరికి గోడకు పచ్చటి నూగు మొలిచింది. కప్పు మీద మందంగా మన్ను పరిచి, బోదగడ్డిని వేళ్లతో సహా తెచ్చి నాటాడు. పక్కనే బండను కరుచుకుని పెరిగిన జువ్విచెట్టు ఉంటే దాని వేళ్ల మధ్య సందే కిటికీ అయింది. వాకిలికి తలుపు లేదు, పక్కకు దొర్లే రాయి ఉంది. ఇంటికి బాట లేదు. ఏటిలో దిగి, తడిరాళ్ల మీద కాలు పెట్టి, రోజుకో తీరుగా ఎక్కి రావాలి. పొయ్యి పొగ బండలోని నెర్రె పట్టుకుని చాలా పైకి పాకి, జలధార దగ్గర తుంపరలో కలిసి మాయమవుతుంది.

ఇల్లు సగమైనప్పుడు బయ్యమ్మ లోపలికొచ్చి వెనకగోడను తడిమి చూసింది.

"కొండ వాటా ఏదిరా?"

"చోటు చాల్లేదమ్మా. అది వదిలితే రాణమ్మకు పడక ఎక్కడెయ్యను?"

"నా పడక తీసెయ్. నేను కూర్చునే తెల్లారుస్తా. కొండ సొమ్ము కొండకు వదలరా నాయనా. మీ నాయన వదల్లేదు."

గుట్టకట్టువాళ్లు ప్రతి ఇంటి వెనకా నీళ్లు పోవడానికి మనిషి పట్టేంత సొరంగం ఒకటి వదులుతారు. దాంట్లో ధాన్యం పొయ్యరు, కట్టెలు దాచరు. అది కొండది. కాటయ తండ్రి ఒక సామంతుడి మాట కాదనలేక ఆ వాటా పూడ్చి మంటపం కట్టాడు. తొలకరికి కొండ లోపలికొచ్చి తన వాటా తాను తీసుకుంది, ఆయనతో సహా.

కాటయ గోడ విప్పి మళ్లీ కట్టాడు. కొండ వాటాను పైనున్న జలధార నుంచి మెలికలు తిప్పి తెచ్చి, వాకిటి ముందున్న బల్లపరుపు రాయి కింద దాని నోరు తెరిచాడు. పని జరుగుతున్నంత కాలం నీళ్లు లోపలికి రాకుండా జలధార దగ్గర దుంగలూ బంకమన్నూ వేసి అడ్డుకట్ట కట్టాడు. ఆ కట్టంతా అడుగున దిగగొట్టిన ఒక్క కొయ్యగూటం మీద నిలబడి ఉంది.

అంతదాకా ఏటి పొదల్లో దాచిన రాణిని ఇంట్లోకి తెచ్చిన రోజు మధ్యాహ్నమే డేగ వచ్చింది. కొండను ఒక చుట్టు చుట్టి, ఇంకో చుట్టుకు కిందికి దిగి, చివరికి ఇంటి కప్పు మీదే వాలింది. లోపల ముగ్గురూ ఊపిరి బిగబట్టారు. తలకు జానెడు ఎత్తున గోళ్లు మన్ను గీకుతున్న చప్పుడు. రాణి బయ్యమ్మ చెయ్యి పట్టుకుంది. ఎవరు ఎవరికి ధైర్యం చెబుతున్నారో తెలియదు, రెండు చేతులూ చల్లగానే ఉన్నాయి. డేగ గడ్డిపరక ఒకటి పీకి, ముక్కును రాయికి రాసి, ఎగిరిపోయింది.

"చూశావా, మన కప్పు మీద కూర్చుని మన ఇల్లు వెతికింది" అన్నాడు కాటయ నవ్వుతూ. బయ్యమ్మ అలా నవ్వకురా దిష్టి తగులుతుంది అని అప్పటికప్పుడు ఎండుమిరపకాయలు తీసి ముగ్గురి చుట్టూ తిప్పి పొయ్యిలో వేసింది. పొగ నెర్రె పట్టుకుని పైకి పోయింది గానీ ఘాటు కొంత మిగిలి, కాటయ ముక్కు మూసుకుని అవస్థ పడ్డాడు.

ఆ తరువాత మబ్బులు పట్టాయి. పడమటి నుంచి ఏనుగుల మందలా వచ్చి పడగకొండ నెత్తిన కూర్చున్నాయి. వాన ముదిరితే అడ్డుకట్ట తనంతట తాను తెగి దుంగలతో సహా ఇంటి మీదికి వస్తుంది. ఎవరో ఒకరు పైన కాపు ఉండి, సమయం చూసి గూటం లాగాలి. వానకు ముందే లాగితే, ఎండనాడు కొండ నోట నీళ్లు చిమ్మడం చూసి ఎవరికైనా అనుమానం వస్తుంది. కాటయ తాడు భుజాన వేసుకున్నాడు. రాణికి నెలలు నిండాయి, ఈ సమయంలో నన్ను ఒంటరిగా వదిలిపోతావా అని బయ్యమ్మ అడిగింది. పోకపోతే ముగ్గురం పోతాం అన్నాడతను.

"ఇక్కడ ఏదన్నా అయితే నీకెట్లా తెలిసేది?"

"నీ మిరపకాయలున్నయ్ గదా. పొగ నా ముక్కు కిందికే వస్తది. ఆ ఘాటు తగిలిన మరుక్షణం వాన వచ్చినా రాకపోయినా గూటం లాగి, తాడు పట్టుకుని దిగొస్తా. అంతదాకా మాత్రం దిష్టి తియ్యబాకమ్మా. ఒక్కటంటే ఒక్క మిరపకాయ కూడా."

బయ్యమ్మ కొడుకు తల నిమిరి, పోయిరా అనకూడదని 'వెళ్లిరా' అని, అది కూడా చాలదని 'తొందరగా రా' అని పంపింది.

మర్నాడు తెల్లవారుతుండగా రాణికి నొప్పులు మొదలయ్యాయి.

బయ్యమ్మ కాన్పులు చూసింది గానీ తన చేత్తో పురుడు పోసింది లేదు. నీళ్లు మరగబెట్టింది. పాతగుడ్డలు చింపింది. అన్నీ చేస్తూనే ఉంది, కీడు ఎంచుతూనే ఉంది. బిడ్డ అడ్డం తిరిగితే? తల్లి సొమ్మసిల్లితే? ఇన్ని భయాల మధ్య మరో భయం పాములా తలెత్తింది. వాకిట్లో ముగ్గు లేదు.

నిండు చూలాలి వాకిలి బోసిగా ఉండకూడదంటారు గుట్టకట్టువాళ్లు. కాన్పు ముగ్గని ఒకటి వేస్తారు. నాలుగు మూలల్లో మూడు కలిపి ఒక మూల కలపకుండా వదులుతారు. బిడ్డ వచ్చే దారి అది. పురుడు పోసే మనిషి ఆ తెరిచిన మూలలోంచే నడిచి రావాలి. బిడ్డ గొంతు చెవిన పడ్డాక ఆ మూలను తన వేలితో తానే కలపాలి. ముగ్గు వెయ్యని ఇంట్లో కాన్పులు ఎలా అయ్యాయో బయ్యమ్మ చిన్నప్పటి నుంచి విన్న కథలన్నీ ఆ క్షణాన గుర్తొచ్చాయి. ఒక్కటీ మంచి కథ కాదు.

జానెడు ముగ్గు. అదీ జువ్విచెట్టు కొమ్మ కింద. మబ్బు పట్టి ఉంది. ఎవరికి కనబడుతుంది అనుకుంది. రాయి దొర్లించి, బల్లపరుపు రాయి మీద వంగి, బియ్యప్పిండితో గబగబా వేసింది. మనసు కాస్త కుదుటపడింది. లోపలికొచ్చి రాయి మూసి, రాణి నడుం రాస్తూ కూర్చుంది.

అప్పుడు జువ్వివేళ్ల సందులోంచి వచ్చే వెలుతురు మీద ఒక నీడ పోయింది. మళ్లీ వచ్చింది. మళ్లీ పోయింది. గిరికీ.

బయ్యమ్మకు అప్పుడు అర్థమైంది. కొడుకు ఒళ్లు హూనం చేసుకుని కొండంత కొండ మీద ఒక్క గీత లేకుండా కట్టిన ఇంటి ముందు, తన చేత్తో తాను గీత గీసింది. పరుగున పోయి కొంగుతో తుడిచింది. తడిరాయికి పిండి అంటుకుపోయి ఉంది. గోళ్లతో గీకింది. గోళ్లు విరిగాయి గానీ ముగ్గు పోలేదు. అంతలో ఏటి వైపు నుంచి రాళ్లు కదిలిన చప్పుడైతే, ఇంట్లో దూరి రాయి లాగేసుకుంది.

వచ్చింది ఒక ముసలమ్మ. నెరిసిన తల, నుదుట కాసంత బొట్టు, చేతిలో ఆముదం గిన్నె, చంకన మూట. ముగ్గు దగ్గర ఆగి, ఎదురుగా ఉన్నది కొండో గోడో తెలియనట్టు అటూ ఇటూ చూసింది.

"ఎవరన్నా ఉన్నారా తల్లీ? కాన్పు ముగ్గు చూసి ఎక్కొచ్చాను. మంత్రసానిని. నొప్పులు మొదలైనాయా? భయపడమాక, ఈ చేతుల మీద ఎందరో పుట్టారు."

జువ్వివేళ్ల సందులోంచి చూస్తున్న బయ్యమ్మకు ఏడుపొచ్చినంత పనైంది. దేవుడే పంపాడనుకుంది. లోపల రాణి గుడ్డ కరుచుకుని మెలికలు తిరుగుతోంది. తనకు చేతకాదు. బయట చేతనైన మనిషి ఉంది. బయ్యమ్మ చెయ్యి రాయి మీదికి పోయింది.

ముసలమ్మ అడుగు ముందుకేసింది. తెరిచిన మూల ఆమెకు ఎడమ పక్కన ఉంది. ఆమె దానివైపు చూడనైనా లేదు. కలిపిన గీతను తొక్కి, ముగ్గు నడిబొడ్డున కాలు పెట్టి నిలబడింది.

బయ్యమ్మ చెయ్యి రాయి మీదే ఆగిపోయింది. పురుడు పోసే ఏ ఆడదీ కాన్పు ముగ్గు తొక్కదు. కళ్లు లేనిదైనా ముందు వేలితో తడిమి మూల వెతుక్కుంటుంది.

లోపలినుంచి జవాబు లేకపోయేసరికి ముసలమ్మ మెల్లగా నవ్వింది. ఆ నవ్వు సగంలో మగగొంతైంది. నెరిసిన జుట్టు పొగలా లేచి విడిపోయింది. ముడతల కింది నుంచి మసిబారిన నల్లటి మెడ బయటపడింది. మూట విప్పితే అందులో తారు రంగు శంఖం ఉంది.

"తలుపు ఎక్కడో నాకు తెలియదు" అన్నాడు ధూమ్రకంఠుడు, కొండతో మాట్లాడుతున్నట్టు. "తెలియనక్కర్లేదు కూడా. బద్దలు కొడితే తల్లి అదిరి బిడ్డ చచ్చి పుట్టొచ్చు, అది నాకే నష్టం. పుట్టనీ. నిదానంగా పుట్టనీ. పుట్టిన బిడ్డ ఏడవక ఎక్కడికి పోతుంది?"

ఆ మాట అని ముగ్గు మీదే మఠం వేసుకుని కూర్చున్నాడు. శంఖం నోరు గోడరాళ్ల సందుకు ఆనించి కళ్లు మూసుకున్నాడు. డేగ అతని తల పైన కొమ్మ మీద వాలింది.

బయ్యమ్మ పరుగెత్తి పొయ్యి దగ్గరికి పోయి మిరపకాయల ముంత బోర్లించింది. ముంతెడూ నిప్పుల్లో పడ్డాయి. ఎర్రగా భగ్గుమని, పొగ నెర్రెలోకి పాకింది. కొంత వెనక్కి తన్నింది. రాణికి దగ్గు తన్నుకొచ్చింది. దగ్గితే ఆ కుదుపుకు ఏమవుతుందో అని బయ్యమ్మ తడిగుడ్డ ఆమె ముక్కుకు అడ్డం పెట్టి తల ఒళ్లోకి తీసుకుంది. ఒక చెవి పైకి పెట్టింది.

పైనుంచి ఏ చప్పుడూ లేదు.

కొడుకు తాడు తెగి ఎక్కడో పడి ఉంటాడు. లేకపోతే డేగ ముందు అతని దగ్గరికే పోయి ఉంటుంది. లేకపోతే నిద్రపట్టి ఉంటుంది, మొద్దునిద్ర, వాళ్ల నాయన నిద్ర. ఘాటు తగలలేదో, తుంపరలో కొట్టుకుపోయిందో. బయ్యమ్మ ఆలోచన ఇంకా కీడు నుంచి కీడుకు దూకుతుండగానే రాణి ఆమె మోకాలు గట్టిగా పట్టుకుంది. ఇక ఆలోచనకు వ్యవధి లేదు. తనకు చేతకాదనుకున్న పని ఆ చేతులే చేశాయి.

బిడ్డ బయటపడింది. ఆడపిల్ల. నీలంగా ఉంది, కదలడం లేదు. ఏడవడం లేదు.

ఏడవకపోతేనే మేలేమో అని బయ్యమ్మకు ఒక్క క్షణం అనిపించింది. అనిపించినందుకు తన నాలుక తానే కరుచుకుంది. ఏడవని బిడ్డ బతకదు. ఏడిస్తే గోడ అవతల శంఖం ఉంది. పసిదాన్ని తలకిందులుగా పట్టుకుని, కొండా, నీ సొమ్ము నీకు వదిలాను, నా మీద దయ చూపు అని గొణిగి, అరికాలి మీద కొట్టింది. రెండోసారి కొట్టింది.

ఇల్లు వణికింది.

ముందు అది తన ఒంట్లోని వణుకే అనుకుంది. తరువాత వెనకగోడ లోపలినుంచి గుర్రాల దండు వస్తున్నట్టు మోత. కొండ వాటా నిండింది. మెలికలు తిరిగిన ఆ సొరంగంలో నీళ్లు పొర్లుతూ, రాళ్లను దొర్లిస్తూ, పడగకొండ నోరు తెరిచి అరిచినట్టు అరిచాయి. ఆ హోరులో బయ్యమ్మ చేతుల్లో బిడ్డ ఒక్కసారిగా ఎర్రబడి, పిడికిళ్లు బిగించి, నోరు తెరిచింది. గొంతు వినబడలేదు. ఆ హోరులో వినబడదు మరి. నోరు తెరిచింది, అంతే చాలు. బయ్యమ్మ బిడ్డను గుండెకు హత్తుకుని జువ్వివేళ్ల సందు దగ్గరికి పరుగెత్తింది.

బయట ధూమ్రకంఠుడు లేచి నిలబడ్డాడు. శంఖం అతని చేతిలో ఊగిపోతోంది. మొదట దొరికిన అరుపును మింగడం దాని స్వభావం. కొండ హోరు మొత్తం దాని నోట్లోకి పోతోంది. గుమ్మడికాయంత ఉబ్బింది, బానంత ఉబ్బింది. వదిలించుకుందామంటే చేతిని వదలదు. ఫెళ్లున పగిలింది. అదే క్షణాన అతని కాళ్ల కింద బల్లపరుపు రాయి లేచింది. కొండ వాటా నోటిలోంచి ఎర్రనీళ్లు నిలువెత్తున చిమ్మి, రాయినీ దాని మీది ముగ్గునూ ముగ్గు మీది మాంత్రికుణ్ణీ ఎత్తి కాకేటి లోయలోకి విసిరేశాయి. అతని కేక సగం దాకా వినబడింది.

పగిలిన పెంకుల మధ్యనుంచి చిన్న నీటిబుడగ లాంటిది ఒకటి మెరుస్తూ గాల్లోకి లేవడం బయ్యమ్మ చూసింది. డేగ కొమ్మ మీదనుంచి జారి, దాన్ని ముక్కున కరుచుకుని మింగి, మబ్బుల్లోకి పోయింది. అదేమిటో ఆమెకు అర్థం కాలేదు. పోతే పోయింది పీడ అనుకుంది.

నీళ్లు మెల్లగా తగ్గాయి. తాడు పట్టుకుని కాటయ దిగొచ్చాడు. అరచేతులు చీరుకుపోయి ఉన్నాయి, కళ్లు చింతనిప్పుల్లా ఎర్రగా ఉన్నాయి.

"ఏందమ్మా ఆ ఘాటు. ఒకటి వేస్తే చాలదా? కళ్లు కనబడక గూటం కోసం తడుముకోవాల్సొచ్చింది."

బయ్యమ్మ నవ్వబోయి ఏడ్చింది. కొడుకు ఒళ్లంతా తడిమి, తెగింది అరచేతులే అని తేల్చుకుని, రాణి ఒళ్లో ఉన్న బిడ్డను చూపించింది. బిడ్డ ఇంకా ఏడుస్తోంది. మొహం ఎర్రగా కందిపోయింది, నాలుక వణుకుతోంది, కళ్ల కొసల్లో తడి. నోరు బార్లా తెరిచి ఉంది.

కొండ వాటాలో ఆఖరి నీళ్లు గలగలమని పోయి, అంతా నిశ్శబ్దమైంది.

ఆ నిశ్శబ్దంలో రాణి తలెత్తి చూసింది.

"అవ్వా, నా బిడ్డ గొంతు ఏదీ?"

బిడ్డ ఏడుస్తూనే ఉంది. ఒక్క చప్పుడు లేదు. బయ్యమ్మ పసిదాని గొంతు దగ్గర చెవి పెట్టింది. ఊపిరి వెచ్చగా తగిలింది. అంతే.

అప్పుడు పైనుంచి, చాలా పైనుంచి, ఏడుపు వినబడింది. క్యారుమని, అప్పుడే పుట్టిన పసికందు ఏడుపు. బయ్యమ్మా కాటయా వాకిట్లోకి పరుగెత్తారు. మబ్బుల కింద రెప్పల్లేని డేగ రెక్కలు చాచి తూర్పుగా పోతోంది. అది నోరు తెరిచినప్పుడల్లా కొండల మధ్య ఆ ఏడుపు మోగుతోంది. కొండ హోరు మొదట మింగిన శంఖం, పగిలే ముందు బిడ్డ గొంతును కూడా మింగిందని అప్పుడు తెలిసింది బయ్యమ్మకు. నీటిబుడగ కాదది. తూర్పున కాకిమేడ ఉంది. డేగ అక్కడి గద్దె మీద వాలి నోరు తెరిచిందంటే రాజు ఇక ఎప్పటికీ రాయి, ఈ బిడ్డ ఎప్పటికీ మూగ.

కాటయ తల్లి వేళ్లకేసి చూశాడు. గోళ్లు విరిగి, వాటి కింద బియ్యప్పిండి. ఆమె ఏదో చెప్పబోయింది. అతను వినకుండా తాడు చుట్టి భుజాన వేసుకున్నాడు.

"పక్షి కూడా ఎక్కడో ఒకచోట వాలాల్సిందే గదమ్మా."

ఇన్నేళ్లలో కొడుకు గడప దాటిన ప్రతిసారీ బయ్యమ్మ ఏదో ఒకటి అడ్డం చెప్పింది. వర్జ్యమనో, తుమ్మనో, పిల్లి ఎదురైందనో. ఈసారి తలలో వంద కీడులు లేచి నిలబడ్డాయి. ఒక్కటీ నోటిదాకా రానివ్వలేదు. రొంటినున్న చిన్న మూట తీసి అతని నడుముకు కట్టింది. అందులో దిష్టికని విడిగా దాచుకున్న నాలుగు మిరపకాయలు, చిటికెడు ఉప్పు.

"దానికి రెప్పల్లేవు నాయనా. కళ్లల్లో కొట్టు" అంది.

కాటయ వాలు మీద జారుతూ, కాకేటి రాళ్ల మీద దూకుతూ, ఆ ఏడుపు వినవస్తున్న దిక్కుకు పరుగు తీశాడు. ఏటి మలుపు దాకా కనబడ్డాడు. మలుపు దగ్గర లోయ నీళ్లలోంచి ఒక నల్లటి చెయ్యి రాయిని పట్టుకుని పైకి లేవడం అతను చూడలేదు. బయ్యమ్మ చూసింది. అరిచింది. ఆమె గొంతు ఏటి హోరు దాటి పోలేదు.

నల్లటి చెయ్యి వెనక తల, తల వెనక మెడ లేచాయి. కాటయ పోయిన వైపే అది తిరిగింది.

బయ్యమ్మ ఇంట్లోకి పోయి పిండి గిన్నె తెచ్చింది. దాచుకోవాల్సింది ఇక ఏమీ లేదు, వాణ్ణి కొడుకు వెనక పోనివ్వకుండా ఇటే రప్పించాలి. బల్లపరుపు రాయి లేచిపోయిన చోట తడిమట్టి మీద, ఆకాశం నుంచి చూసినా ఏట్లోంచి చూసినా కనబడేంత పెద్ద ముగ్గు వెయ్యడం మొదలుపెట్టింది. గీత ఎక్కడా వంకర పోలేదు. మూడు మూలలు కలిపింది. నాలుగో మూల, తూర్పుది, బిడ్డ గొంతు తిరిగి రావడానికి తెరిచే ఉంచింది. ఆ తెరిచిన మూల పక్కనే, వాడొస్తే మీదికి తొయ్యడానికి వాకిలిరాయి అంత బరువున్న గండశిలను దొర్లించుకొచ్చి, దాని వెనక చతికిలబడి ఏటివైపు చూస్తూ కూర్చుంది.

లోపల బిడ్డ చప్పుడు లేకుండా ఏడుస్తూనే ఉంది.